పదకొండు కుంచాల తేడా

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్లూ ఎడ్లబళ్ళూ ఊహించుకోకండి. నేను చెప్పబోయే ఆ రోజుల్లో మా ఊళ్ళో సెల్‌ఫోను లేని ఇల్లు లేదు, కొన్ని ఇళ్ళలో మనిషికొకటి ఉండేది. (సిగ్నల్ మాత్రం ఊరందరికీ కలిపి ఒకే చోట దొరికేది. అది ప్రెసిడెంటు పిన్ని వాళ్ళ డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన.) నేను అప్పుడే విజయనగరంలో కంప్యూటర్ డిగ్రీ ముగించి, ఉద్యోగం వచ్చేవరకు అనే పేరుతో ఇంట్లో తిని కూర్చున్నాను. ఆ వయసులో నాకున్న ధీమా ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది. డిగ్రీలో పైథాన్ ఒక సెమిస్టర్ చదివాను, అందులో నూటికి డెబ్భై రెండు వచ్చాయి, కాబట్టి ప్రపంచంలో పైథాన్‌తో పరిష్కారం కాని సమస్య ఉండదని నా నమ్మకం. మా అమ్మ సాంబార్లో ఉప్పెక్కువేసినా "దీనికో ప్రోగ్రాం రాయచ్చమ్మా" అనేదాన్ని. అమ్మ గరిటె చూపించేది.

మా ఊరు శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళు పండిస్తారు. (చోళ్ళంటే మీరు రాగులనేవే. మా దగ్గర రాగులని అంటే కొట్లో కొనుక్కొచ్చినవని అర్థం.) ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం ఒకటి విత్తనాల గాదె నడిపేది. కోతలయ్యాక ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు మంచి చోళ్ళు ఏరి తెచ్చి ఆ గాదెలో కలిపి పోస్తారు. వేపాకు వేసి, మూతి మట్టితో మెత్తేస్తారు. మళ్ళీ తొలకరి పడ్డాకే దాన్ని తెరవడం. ఎవరెన్ని కుంచాలు పోశారో అన్నీ వాళ్ళకు తిరిగి వస్తాయి. నడుమ మూతి తీస్తే గాలి తగిలి పురుగు పడుతుందని ఎవరూ దాని జోలికి వెళ్ళరు. సంఘానికి పెద్ద ప్రెసిడెంటు పిన్ని, నాకు వరసకు పిన్ని. గాదెలో పోసే గింజలు కొలిచేది మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. ఊళ్ళో ఎవరి కళ్ళంలో గింజలు కొలవాలన్నా ఆయన్నే పిలిచేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కుంచం ఆయన చేతిలోనే ఉంది.

కొలతకు వచ్చిన రోజు మావయ్య తీరే వేరు. మిగతా రోజుల్లో లుంగీ బనీనుతో తిరిగే మనిషి ఆ రోజు పొందూరు పంచె కట్టి, భుజాన తువ్వాలు మడతపెట్టి వేసుకుని, గాదె ముందు గొంతుక్కూర్చునేవాడు. కుంచం నిండా గింజలు తీసి, పైన అరచేత్తో ఒక్కసారి సవరించి, గాదెలో పోస్తూ పైకే లెక్కపెట్టేవాడు. "లాభం... లాభం... లాభం... రెండు... రెండు... మూడు..." అంటూ, తర్వాతి కుంచం నిండేదాకా ముందుదాని మాటే పలికేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనడం మా దగ్గర లేదు. ఒకటి అంటే ఒంటరిది, దానితో గాదె మొదలవకూడదని పెద్దల పట్టింపు, అందుకని లాభం అంటారు. లాభం తర్వాత రెండు. అది విని పెరిగినదాన్ని కాబట్టి, ఒకటో క్లాసులో అంకెలు చెప్పమన్నప్పుడు నేను "లాభం, రెండు, మూడు" అని చెప్పి మేష్టార్ని నవ్వించానట. ఇళ్ళవారీగా కూడా ఒక వరస ఉండేది. అందరికంటే ముందు మంచిచెయ్యి మామ్మ గింజలే గాదెలో పడాలి. ఆవిడ అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. ఆవిడ చేతి గింజ అడుగున పడితే పురుగు రాదని ఊరి నమ్మకం, ఆవిడ గర్వం కూడా.

ఆ యేడు నేనే వెళ్ళి పిన్నితో చెప్పాను. "పిన్నీ, నువ్వింకా ఇవన్నీ నోటుబుక్కులో రాసుకోవడమేంటి? నేను ఇళ్ళవారీగా లాప్‌టాప్‌లో ఎక్కించి, ఒక్క మీట నొక్కితే మొత్తం వచ్చేలా చేస్తాను." పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "బేగి సెప్తాదేటి?" అంది. "రెప్పపాటులో" అన్నాను. "మరి తప్పు రాదు గదా?" అంటే నేను నవ్వి, "కంప్యూటర్ తప్పు చెప్పదు పిన్నీ" అన్నాను. (ఈ వాక్యాన్ని ఎవరైనా పలుకుతుంటే ఇప్పుడు నేను గదిలోంచి బయటికి వెళ్ళిపోతాను.)

కొలతల రోజున సంఘం గది అరుగు మీద నేను లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మావయ్య ఒక్కో ఇంటివీ కొలిచి "మామ్మయి పదకొండు" అని అరిస్తే నేను పదకొండు కొట్టేదాన్ని. తర్వాతి ఇల్లు తొమ్మిది. ఆ తర్వాతది ఆరు. అలా ఇరవై మూడు ఇళ్ళవీ వరసగా ఎక్కించాను. మధ్యాహ్నానికి గాదె నిండింది, మామ్మ దగ్గరుండి మూతికి మట్టి మెత్తించింది. మావయ్య చేతులు దులుపుకుని లేచి, "రెండొందల పద్నాలుగు" అన్నాడు. ఆయన కాగితం మీద ఏమీ రాయడు, ఇళ్ళన్నీ మనసులోనే కలుపుకుంటూ వస్తాడు. అందరూ ఇప్పుడు నా వైపు తిరిగారు. నేను కాస్త నాటకీయంగా వేలు గాల్లోకి ఎత్తి, మీట నొక్కాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు బారుగా వచ్చాయి. ఇండెక్స్ ఎర్రర్, లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్. మావయ్య నా భుజం మీదుగా వంగి, "ఏటే గుంటా, ఎర్రగా రాసినాదేటి? కోపమొచ్చినాదేటి దానికి?" అని అడిగాడు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.) "ఏంలేదు మావయ్యా, చిన్న ఎర్రర్" అన్నాను. "ఏటంతన్నాది మరి?" అని పిన్ని. నేను ఆ ఇంగ్లీషును ఇంకాస్త కష్టమైన ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పిన్ని అర్థమైనట్టు తలూపింది, నాకూ అర్థం కాలేదని ఆవిడకు తెలియనందుకు లోపల దేవుడికి దండం పెట్టుకున్నాను. నిజానికి అది చాలా మర్యాదగా చెబుతోంది. అమ్మాయీ, నువ్వడిగిన నంబరు ఇల్లు ఈ వీధిలో లేదు అని. నేను ఒకటో ఇంటి నుంచి ఇరవై మూడో ఇంటి దాకా వెళ్ళి కలుపుకుని రా అని రాశాను. అది ఇరవై రెండు దాకా వెళ్ళి, ఇరవై మూడో నంబరు ఇల్లు కనపడక ఆగిపోయింది. అదేమిటి, ఇరవై మూడు ఇళ్ళున్నాయి కదా అని మనిషన్నవాడు ఆలోచించాలి. నేను ఆలోచించలేదు. చుట్టూ ముప్ఫై మంది నిలబడి చూస్తుంటే ఆలోచన ఎవరికి వస్తుంది? పాత రేడియో ముల్లు తిప్పినట్టు అక్కడొకటి తీసి, ఇక్కడొకటి కలిపి, చివరికి ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే చోట నేనే రాసిన ప్లస్ వన్ తీసేసి మళ్ళీ నొక్కాను. ఎర్ర అక్షరాలు పోయాయి. బుద్ధిగా ఒక్క అంకె వచ్చింది. రెండు వందల మూడు.

"రెండు వందల మూడు" అని చదివాను, గెలిచినంత సంబరంగా. మావయ్య "ఎంత?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "ఇంకోపాలి కొట్టి సూడే" అన్నాడు. కొట్టాను, రెండు వందల మూడు. మూడోసారీ అంతే. (తప్పుడు ప్రోగ్రాం ఎన్నిసార్లు నడిపినా అదే తప్పు చెబుతుందని, ఎన్నిసార్లు ఒకటే చెప్పినా అది నిజమైపోదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా పరీక్షలో రెండు మార్కులకు రాసి మర్చిపోయి ఉంటాను.) మంచిచెయ్యి మామ్మ ఒక్కతే, "ఏల ఈ గొడవ? నోటితో ఓపాలి కలిపి సూడండి" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది, ఎవరైనా చెరిపేస్తానంటే ఎంతైనా ఇస్తాను. "నోటి లెక్క కోసమా మామ్మా ఇదంతా తెచ్చింది?" అన్నాను. పిన్ని కూడా నా వైపే మొగ్గింది. మావయ్య నొచ్చుకోకుండా చెప్పాలని ఆవిడ చాలా ప్రయత్నించింది పాపం. "పదకొండు కుంచాలు తేడా వచ్చినాదన్నయ్యా. నీ తప్పని కాదు. వయసొచ్చినాక ఎవులికైనా లెక్క తప్పుతాది. వచ్చే యేడు కాటా ఎట్టీద్దుం, నీకూ నడుం నొప్పి తప్పుతాది." మావయ్య కుంచాన్ని బోర్లించి, తువ్వాలుతో దాని అడుగు తుడిచి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా వైపు కోపంగా చూసి ఉంటే నాకే బాగుండేది. ఆయన చూడనేలేదు.

మావయ్య రోజూ పొద్దున్నే మా ఇంటికి టీకి వచ్చేవాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మ రెండు రోజులూ ఆయన గ్లాసు స్టవ్వు పక్కన పెట్టి, చల్లారిన టీ నాకు పోసింది. మూడో రోజు మధ్యాహ్నం, నేను భోంచేసి ఉద్యోగాల ప్రకటనలు చూస్తుంటే వచ్చాడు. రెండు రోజుల్లోనే మనిషి కాస్త పొట్టిగా అయినట్టు కనిపించాడు. గుమ్మంలో కుంచం దించి, నా పక్కన కింద కూర్చున్నాడు. "ఒసే గుంటా, నాను ఎవులింటికాడ తప్పినానో నీ కంపూటరు పెట్టి సెప్పగలదేటి?" అన్నాడు. ఎందుకన్నాను. "ఎవులయి తక్కువ కొలిసినానో, ఎవులయి ఎక్కువ సెప్పినానో తెలిస్తే ఆలింటికెల్లి సెప్పుకుంటాను. ఇత్తనాలే అయి. తొలకరికి ఆలికి తగ్గిపోతే ఏటి జల్లుకుంటారు? సెప్పుకున్నాక ఈ కుంచం మీ పిన్నికిచ్చేస్తాను. నాకింక ఒద్దు."

ఇన్నేళ్ళు ఊరందరి గింజలూ కొలిచిన మనిషి, తన పరువు పోయిందని కాకుండా ఎవరికి అన్యాయం జరిగిందోనని మూడు రాత్రులు నిద్రపోలేదు. నేను మాత్రం హాయిగా పడుకున్నాను. సరే మావయ్యా, చూపిస్తానని లాప్‌టాప్ తెరిచి, ఒక్కో ఇల్లు కలిపినప్పుడల్లా ఆ ఇంటి నంబరూ, దాని కుంచాలూ తెర మీద పడేలా ఒక వరస రాశాను. అదేం పెద్ద విద్య కాదు, మొదటి రోజే చేయాల్సిన పని. మీట నొక్కాను. మావయ్య కళ్ళజోడు తీసి లుంగీకి తుడిచి పెట్టుకుని, వేలుతో తెర మీద మొదటి వరసను తాకాడు.

"ఇదేటి, తొమ్మిది?" అన్నాడు. "మొదటి ఇల్లు మావయ్యా" అన్నాను. "మొదటి ఇల్లు మామ్మది గదే? మామ్మయి పదకొండు. తొమ్మిది ఆ తరవాతిల్లు." నేను "ఉండు మావయ్యా" అని తెరకు దగ్గరగా జరిగాను. ఒకటి పక్కన తొమ్మిది, రెండు పక్కన ఆరు, అలా వచ్చి ఇరవై రెండు దగ్గర ఆగింది. ఇరవై రెండే వరసలు. మామ్మ ఎక్కడా లేదు. "దీనికి ఒకటి నుంచి లెక్కపెట్టమని చెప్పాను కదా..." అని గొణిగాను. మావయ్య నా మొహంలోకి చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి. "ఒకటి నుంచి లెక్కెట్టమన్నావేటి? మరి లాభం ఏదే?" అన్నాడు.

అలా అడిగాక ఇంక తెలియకుండా ఎలా ఉంటుంది? డిగ్రీలో మా మేడం సెమిస్టరంతా అరిచి చెప్పిన విషయం ఇదే. కంప్యూటర్ కూడా వరసలో మొదటిదాన్ని ఒకటి అనదు, సున్నా అంటుంది. దాని వీధిలో మొదటి ఇంటికి సున్నా నంబరు, ఇరవై మూడో ఇంటికి ఇరవై రెండో నంబరు. అందుకే మొదట ఇరవై మూడో నంబరు అడిగితే లేదని ఎర్రగా మొత్తుకుంది. నేను దాని నోరు మూయించి, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టించాను, సున్నా నంబరులో కూర్చున్న మామ్మను పదకొండు కుంచాలతో సహా గుమ్మంలోనే వదిలేశాను. పుట్టినప్పటి నుంచి లాభం, రెండు, మూడు అని విని పెరిగినదాన్ని, లాభాన్ని మర్చిపోయి ఒకటితో మొదలుపెట్టాను. ఆ ఒక్క అంకె మార్చి మళ్ళీ నొక్కాను. రెండు వందల పద్నాలుగు. మావయ్య ఆ అంకెను చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసేసి, మొహం తువ్వాలులో పెట్టుకుని, "అమ్మయ్య, ఎవులియీ తగ్గనేదు" అన్నాడు. నేను తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. "దీని లెక్క అలా ఉంటుంది మావయ్యా, సున్నా నుంచి మొదలవుతుంది" అన్నాను. అది నిజమే. కానీ అబద్ధం చెప్పడానికి వాడుకున్న నిజం.

లెక్క కుదిరిందని కబురందగానే, మర్నాడు పిన్ని అందర్నీ మళ్ళీ సంఘం గది దగ్గరికి పిలిపించింది. నేను ఊరి ముందు ఏం చెప్పాలో అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని వచ్చాను. అరుగెక్కి "అదేంటంటే..." అని మొదలుపెట్టానో లేదో, మావయ్య లేచి నిలబడ్డాడు. "నాను సెప్తానుండే. ఏటీ నేదు. ఆ పెట్టి లాభం మర్సిపోనాది. మన ఊరికి కొత్త గదా, మన లెక్క దానికెలా తెలస్తాది? మా గుంట దానికిప్పుడు నేర్పినాది. సరిపోనాది. రెండొందల పద్నాలుగే." అంతే, అరుగంతా నవ్వులు. మామ్మ మాత్రం లేచి వచ్చి లాప్‌టాప్ మీద వేలు పెట్టి, "నా పదకొండూ మింగేసి కూకున్నాదేటి ఇది? ఎవుల్ని ఒదిలీసినా సరే గానీ నన్నే ఒదిలీసినాదా?" అని గట్టిగా దెబ్బలాడింది. దెబ్బలాడి, చుట్టూ మూగినవాళ్ళను పక్కకు జరగమని, "పోన్లే, సిన్నది, నేర్సుకుంటాది" అని దాని మూతను నిమిరింది. పిన్ని కాటా మాట వెనక్కి తీసుకుని, మావయ్య మా గుమ్మంలోనే వదిలేసి వెళ్ళిన కుంచం తెప్పించి మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన అది తీసుకున్న తీరు చూసి నేను కళ్ళు తిప్పుకున్నాను. అందరూ నా మేనమామను చూస్తూ నవ్వుతున్నారు, నన్ను చూసి కూడా నవ్వుతున్నారు, నేను కంప్యూటర్‌కు నేర్పిన తెలివైన పిల్లగా ఆ అరుగు మీద నిలబడి ఉన్నాను.

తర్వాత రోజు పొద్దున మావయ్య టీకి వచ్చాడు. చెప్పేద్దామనుకుని గ్లాసు అందించాను. చెప్పలేదు. రెండో రోజు పక్కన కూర్చుని, "మావయ్యా" అన్నాను. "ఏటే?" అన్నాడు. "పంచదార సరిపోయిందా?" అన్నాను. మూడో రోజు వర్షం మబ్బేసిందని చెప్పాను. (అది పుష్యమాసం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఆయన పైకి చూసి, నన్ను చూసి, "అవునవును" అన్నాడు.) నాలుగో రోజు మా గుమ్మంలో ఆయన చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి గబగబా అనేశాను. "మావయ్యా, ఆ రోజు తప్పు కంప్యూటర్‌ది కాదు. నాది. అది నేను చెప్పినట్టే చేసింది, నేనే తప్పు చెప్పాను దానికి."

ఆయన రెండో చెప్పు కూడా వేసుకున్నాకే తిరిగాడు. "అది నాకు తెల్దేటే?" అన్నాడు. "పెట్టి తనంతట తాను లెక్కెడతాదేటి? కుంచం తనంతట తాను కొలస్తాదేటి? ఎవులో ఒకల సెయ్యి ఉండాల." నేను తల దించుకుని, మరి అందరి ముందూ అలా చెప్పావేం అని అడిగాను. "ఊరోల్లంతా నన్ను సూసి రెండ్రోజులు నవ్వినారు. ఆ నవ్వెలాగుంటాదో నాకు తెలిసిపోనాది. నిన్ను సూసి ఎందుకు నవ్వాల? రేపు ఉజ్జోగానికెల్లాల్సిన పిల్లవి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మావయ్య కంగారుపడి, "ఊరుకోయే, మీ యమ్మ సూస్తే నాను కొట్టినాననుకుంటాది" అని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. నా దగ్గర నలుగురు కొత్త పిల్లలున్నారు. డిగ్రీ నుంచి నేరుగా వచ్చారు, నేను అప్పట్లో ఉన్నంత ధీమాగానూ ఉన్నారు. వారానికొకసారైనా వాళ్ళలో ఒకరు ఎక్కడో ఒక అంకె ఎగ్గొట్టి, ఎర్ర అక్షరాలు పోయాయి కదా అని సంతోషంగా పంపేస్తారు. పైవాళ్ళు ఫోన్ చేసి గట్టిగా అడిగితే, "సిస్టంలో చిన్న తేడా వచ్చిందండీ, చూసుకున్నాం" అని నేనే చెబుతాను. ఫోన్ పెట్టేసి, ఆ తప్పు చేసినవాళ్ళ వైపు చూడకుండా నా పని నేను చేసుకుంటాను. తర్వాత ఏదో ఒకరోజు వాళ్ళు నా టేబుల్ దగ్గరికి వచ్చి, టీ తాగారా మేడం అనో, ఎండ బాగా ఉంది కదా మేడం అనో మొదలుపెడతారు. నేను కుర్చీ చూపించి, తొందర పెట్టకుండా కూర్చుంటాను. చాలామంది సాయంత్రం లోపే చెప్పేస్తారు. వాళ్ళు మంచి పిల్లలు, నాకైతే నాలుగు రోజులు పట్టింది.